వాటర్ పేపర్ గీత ఎక్కడ పుడుతుంది, ఎక్కడ పోవాలి

(హైదరాబాద్ ఆటోనగర్‌లో కార్ పెయింటర్లు, డీటెయిలింగ్ పని నేర్చుకుంటున్న కుర్రాళ్ల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్తే. తమ్ముడూ, ఆ షట్టర్ సగం దించు. సగమే చాలు. పూర్తిగా దించేస్తే నేను చూపించాల్సింది కనపడదు.

ముందే ఒక మాట చెప్పేస్తాను, తర్వాత పొద్దంతా దాని చుట్టూనే తిరుగుతాను. రబ్బింగ్ అయ్యి, పాలిష్ అయ్యి, బండిని ఎండలోకి తెచ్చాక బానెట్ మీద గీతలు కనపడ్డాయనుకోండి. మనం మొదట తిట్టేది మెషిన్‌ని. తర్వాత కాంపౌండ్‌ని, అంటే రబ్బింగ్‌లో గీతలు కోసే గరుకు పేస్ట్‌ని, ఆ తర్వాత ప్యాడ్‌ని. రాణిగంజ్ వెళ్లి ఇంకో మెషిన్ ధర అడిగి వస్తాం. నిజానికి ఆ గీతల్లో చాలావరకు పాలిష్ దగ్గర పుట్టినవి కావు. వాటర్ పేపర్, అంటే తడిపి రుద్దే శాండ్ పేపర్ దగ్గర పుట్టి, పాలిష్ దాకా బతికొచ్చినవి. పేపర్ నంబర్ పెరిగేకొద్దీ గింజ సన్నబడుతుంది. 1500 పేపర్ పెట్టిన గీతను 2000 పేపరే తీయాలి. అది వదిలేసిన గీతను 3000 తీయలేదు. 3000 కూడా వదిలేస్తే కాంపౌండ్‌తో తీయడానికి ఒక పూట పడుతుంది. ఆ పూటలో గీతతో పాటు క్లియర్ కోట్, అంటే రంగు పైనుండే పారదర్శక పొర కూడా పోతుంది. కాబట్టి పాలిష్ గురించి మాట్లాడమంటే నేను సగం సేపు పేపర్ గురించే మాట్లాడతాను. ఏమనుకోకండి.

ఇక్కడున్న ఈ నల్ల బానెట్ దగ్గరికి ఇద్దరు ముగ్గురు రండి. టార్చ్ ఇలా పట్టుకుంటున్నాను. ఏం కనపడుతోంది? లైటు చుట్టూ గుండ్రంగా సన్నటి గీతలు. ఇప్పుడు టార్చ్‌ని జానెడు పక్కకు జరుపుతున్నాను. గుండ్రం కూడా దానితోనే జరిగింది, చూశారా? గీతలు గుండ్రంగా ఉంటే అవి ఉన్నచోటే ఉండాలి కదా, లైటుతో పాటు ఎందుకు నడుస్తాయి?

అసలు సంగతేమిటంటే, ఈ బానెట్ నిండా అన్ని దిక్కులకూ సన్నటి గీతలున్నాయి. వాటిలో లైటుకు అడ్డంగా పడ్డ గీత మాత్రమే వెలుగును మన కంటి వైపు తిప్పికొడుతుంది. లైటు వైపే సాగిపోయే గీత మన కంటికి ఆనదు. అందుకే లైటును ఎక్కడ పెట్టినా దాని చుట్టూ గుండ్రంగానే కనపడతాయి. స్విర్ల్స్ అని మనం పిలిచేది ఇదే. గుడ్డను గుండ్రంగా తిప్పి తుడిచారు కాబట్టే ఇలా వచ్చాయని కస్టమర్‌కు చెప్పేవాళ్లున్నారు. నిలువుగా తుడిచినా, అడ్డంగా తుడిచినా గుడ్డలో ఇసుక ఉంటే గీత పడుతుంది.

ఇప్పుడు ఈ చివర చూడండి. ఇది వేరే రకం. టార్చ్ జరిపితే ఇక్కడ రిబ్బన్‌లా ఒక మెరుపు అటూ ఇటూ ఊగుతోంది, లోపల లోతు ఉన్నట్టు అనిపిస్తోంది. ఇది రోటరీ మెషిన్ మీద ఉన్ని ప్యాడ్ నడిచిన దారి. హోలోగ్రామ్ అంటారు. ఇదిగో, ఈ మూల నిటారుగా, ఒకే దిక్కున నాలుగైదు గీతలు పక్కపక్కనే ఉన్నాయి. ఇవి పేపర్ గీతలు. ఇక్కడ చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టున్నవి డీఏ శాండర్, అంటే తిరుగుతూ ఊగే పేపర్ మెషిన్ కింద గరుకు గింజ ఇరుక్కుంటే పడేవి. నాలుగు రకాలకూ నాలుగు మందులు. గీతను చూసి అది ఏ రకమో పేరు పెట్టగలిగితే సగం పని అయినట్టే. చూడకుండా నేరుగా ఉన్ని ప్యాడ్ ఎక్కించేవాడికి నేను పని చెప్పను.

అసలు పేపర్ ఎప్పుడు ముట్టుకోవాలి? నా లెక్క సూటిగా చెబుతాను. వాష్ గీతలకు, మామూలు స్విర్ల్స్‌కు పేపర్ వద్దు. అవి పాలిష్‌తోనే పోతాయి. రంగు వేశాక నారింజ తొక్కలా గరుకుగా తేలినప్పుడు, క్లియర్ కారి గీత కట్టినప్పుడు, తడి మీద దుమ్ము గింజ కూర్చున్నప్పుడు పేపర్ తీయండి. పాత రంగు మీద ఒక చోట లోతు గీత ఉంటే, ఆ చోటికి మాత్రమే. గోరు అడ్డంగా లాగి చూస్తే గోరుకు తగులుకునే గీతకు పేపర్ కూడా పనికిరాదు. అది దాదాపుగా క్లియర్ దాటిపోయి ఉంటుంది. టచప్ చేయాలి, లేదా ప్యానెల్ మళ్లీ పెయింట్ చేయాలి. యూట్యూబ్‌లో ఎవరో బండి మొత్తం పేపర్ కొట్టి అద్దం చేశాడని, మన కస్టమర్ కొత్త బండి తెచ్చి అలాగే చేయమంటే నేనైతే చేయను. కంపెనీ రంగులో కొంచెం నారింజ తొక్క ఉంటుంది. ఉండనివ్వండి.

ఎందుకంటే మన దగ్గర ఉన్న సరుకు చాలా తక్కువ. కంపెనీ నుంచి వచ్చిన బండి మీద ప్రైమర్, రంగు, క్లియర్ అన్నీ కలిపి మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు. ఆ మొత్తంలో పైనున్న క్లియర్ కోట్ 35 నుంచి 50. మన తల వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. అంటే వెంట్రుకంత మందం కూడా లేని పొర మీద మనం పేపర్ కొట్టి, రబ్బింగ్ చేసి, పాలిష్ పెడుతున్నాం. ఎండ నుంచి రంగును కాపాడే రసాయనాలు కూడా ఆ పొరలోనే ఉంటాయి. క్లియర్ సన్నబడితే ఆ రోజు ఏమీ తెలియదు. రెండు మూడు వేసవులు పోయాక రూఫ్ మీద తెల్లగా మచ్చలు తేలి, పొరలు లేస్తుంది. అప్పటికి కస్టమర్ మన దగ్గర పాలిష్ చేయించిన సంగతే మర్చిపోయి ఉంటాడు. ఇక వ్యాక్స్ వేసినా, ఖరీదైన సిరామిక్ కోటింగ్ వేసినా పోయిన మందం తిరిగి రాదు.

రంగు మందం కొలిచే గేజ్ గురించి రెండు మాటలు. గేజ్ చూపించేది మొత్తం మందం. అందులో క్లియర్ ఎంతో అది చెప్పదు. రీపెయింట్ అయిన తలుపు మీద 300 చూపిస్తే చాలా ఉందని సంబరపడొద్దు. అందులో 200 కింది పాత రంగు, ప్రైమర్ అయి ఉండొచ్చు. 500, 1000 చూపిస్తే కింద లప్పం ఉన్నట్టు. ప్లాస్టిక్ బంపర్ మీద మన దగ్గరుండే మామూలు గేజ్ పనిచేయదు. కొన్ని బళ్లకు బానెట్ అల్యూమినియంది ఉంటుంది. ఇనుముకు మాత్రమే పనికొచ్చే గేజ్ అక్కడ కూడా ఏమీ చూపించదు. కొనేటప్పుడు రెండూ చదివేది అడిగి కొనండి.

సరే, పేపర్ దగ్గరికి వద్దాం. మన చేతిలో ఉన్న ఈ వాటర్ పేపర్ పుట్టి వందేళ్లు దాటింది. అమెరికాలో ఫ్రాన్సిస్ ఓకీ అని ప్రింటింగ్ సిరా తయారుచేసే ఆయన ఉండేవాడు. ఆయన 3ఎం కంపెనీకి ఉత్తరం రాసి గరుకు రాతిపొడి శాంపిల్స్ పంపమన్నాడు. సిరా చేసేవాడికి రాతిపొడితో ఏం పని అని కంపెనీ ఆరా తీస్తే, నీళ్లలో నానినా ఊడిపోని పేపర్ ఆయన కనిపెట్టాడని తేలింది. కంపెనీ ఆ హక్కులు కొనుక్కుని, ఆయన్ని కూడా ఉద్యోగంలో పెట్టుకుని, 1921లో దాన్ని అమ్మకానికి తెచ్చింది. కార్ షెడ్లలో దానికి గిరాకీ ఎందుకు వచ్చిందంటే, అంతకు ముందు పొడి పేపర్‌తో రుద్దితే దుమ్మంతా పనివాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోయేది. ఆ రోజుల్లో రంగుల్లో సీసం ఉండేది. అదే కంపెనీలో రిచర్డ్ డ్రూ అనే కుర్రాడు ఈ పేపర్ శాంపిల్స్ పట్టుకుని షెడ్లు తిరిగేవాడు. అప్పట్లో రెండు రంగుల కార్లు ఫ్యాషన్. ఒక రంగు మీద కాగితం అంటించి రెండోది కొట్టాక, కాగితం పీకితే రంగు కూడా ఊడి వచ్చేది. పెయింటర్లు బూతులు తిట్టుకునేవాళ్లు. అది విన్న డ్రూ 1925 నాటికి మాస్కింగ్ టేప్ తయారుచేశాడు. మన టేపు, మన పేపరు రెండూ ఒకే ఇంట్లోంచి వచ్చాయన్నమాట.

ఆ రెండూ ఇప్పటికీ పక్కపక్కనే ఉండాలి. బానెట్ అంచులు, తలుపు మీద బాడీ లైన్లు, హ్యాండిల్ చుట్టూ ఉన్న వంపులు, వీటి మీద రంగు పల్చగా ఉంటుంది. తడి రంగు అంచు నుంచి జారిపోతుంది, పైగా మెషిన్ బరువంతా అక్కడే పడుతుంది. పేపర్ ముట్టుకునే ముందే వాటికి టేప్ వేయండి. రంగు లేచిపోయిన బళ్లు తెచ్చి చూపిస్తే పదింట తొమ్మిది అంచు దగ్గరే పోయి ఉంటాయి.

కొత్తగా రంగు వేసిన ప్యానెల్ అయితే ఇంకో మాట. క్లియర్ పైకి ఆరినట్టు కనపడినా లోపలి థిన్నర్ ఇంకా బయటికి పోతూనే ఉంటుంది. బూత్‌లో, అంటే రంగు వేసి కాల్చే మూసిన గదిలో, రేకు వేడి 60 డిగ్రీలకు చేరాక అరగంట కాల్చితే, చల్లారాక పేపర్ పట్టొచ్చు. బూత్ లేని షెడ్లో కనీసం ఒక రాత్రి ఆగాలి. డిసెంబర్ చలిలో అయినా, వానాకాలం తేమలో అయినా ఇంకా ఆగాలి. డబ్బా మీద కంపెనీవాడు ఏం రాశాడో చదవండి. మన ఉస్తాద్ చెప్పాడని కాదు. కనపడని మూల గోరు ఒత్తి చూడండి. గోరు అచ్చు పడితే అది ఇంకా మెత్తగా ఉన్నట్టే. తొందరపడి పచ్చి క్లియర్ మీద పేపర్ కొట్టి మెరిపించి ఇచ్చేస్తే, కొన్ని వారాలకు పొర కుంగి, కింది ప్రైమర్ మీద కొట్టిన పేపర్ గీతలు కూడా పైకి తేలతాయి. అప్పుడు కస్టమర్ వచ్చి "స్విర్ల్స్ మళ్లీ వచ్చాయి" అంటాడు. అవి మళ్లీ రాలేదు, ఇప్పుడే పుట్టాయి. అలాగని నెలల తరబడి ఆగితే క్లియర్ గట్టిపడిపోతుంది, పేపర్‌కు, ప్యాడ్‌కు పని రెట్టింపు.

ఇప్పుడు చేత్తో చేసి చూపిస్తాను. ఈ పేపర్లు పొద్దున్నే బకెట్‌లో నానబెట్టాను. పావుగంటైనా నానాలి, లేకపోతే మడత దగ్గర గట్టిగా ఉండి మూల గీకుతుంది. నీళ్లలో రెండు చుక్కలు డిష్ వాష్ లిక్విడ్. పేపర్ వెనక రబ్బర్ బ్లాక్. ఒట్టి వేళ్లతో రుద్దితే నాలుగు వేళ్ల కిందా నాలుగు గాళ్లు పడతాయి. పాలిష్ అయ్యాక అవి అలల్లా కనపడతాయి, ఇక ఏం చేసినా పోవు.

1500తో మొదలుపెడుతున్నాను. చిన్న దుమ్ము గింజలే అయితే 2000తో మొదలుపెట్టినా చాలు. నిలువుగా, ఒకే దిక్కున, బరువు వేయకుండా. శబ్దం వినండి. మొదట గరగర, కాసేపటికి ఆ శబ్దం తగ్గుతుంది. నీళ్లు పాలలా తెల్లగా వస్తున్నాయి కదా, అది క్లియర్. ఆ తెలుపులో బండి రంగు కనపడిందంటే అక్కడికక్కడ ఆపేయాలి. క్లియర్ దాటిపోయాం. ఇప్పుడు రబ్బర్ బ్లేడ్‌తో నీళ్లు లాగేసి చూద్దాం. మసక మసకగా ఉన్న చోటు పేపర్ తగిలింది. ఆ మసకలో చుక్కలు చుక్కలుగా మెరుస్తున్నవి పల్లాలు, పేపర్ ఇంకా అక్కడికి దిగలేదు. ఈ మెరిసే చుక్కలన్నీ పోవాలని పట్టుబట్టొద్దు. నూటికి ఐదో పదో మిగిలితే మిగలనివ్వండి. ఎదుటివాడికి అది కనపడదు. క్లియర్ మిగిలితే పదేళ్లు కనపడుతుంది.

ఇప్పుడు 2000. నీళ్లు మార్చాలి. బ్లాక్ కడగాలి. ప్యానెల్ కడగాలి. ఇది చెబితే అందరూ తలూపుతారు, షెడ్లో మాత్రం అదే బకెట్. లెక్క చూడండి. 2000 నంబర్ పేపర్ మీద గింజ సగటున 10 మైక్రాన్ల పైచిలుకు ఉంటుంది. 1500 మీద పన్నెండున్నర. ఒక్క ఇసుక రేణువు 100 మైక్రాన్లు దాటుతుంది. పైగా మనది గ్రానైట్ నేల. ఆ దుమ్ములో ఉండే క్వార్ట్జ్ గింజ గాజును కూడా గీస్తుంది. రోడ్డు పక్క షెడ్లో, లారీలు తిరిగే చోట మూత లేని బకెట్‌లో అలాంటి గింజ ఒక్కటి పడితే మీరు 2000 పేపర్ పట్టుకుని 150 నంబర్ గీత గీస్తారు. నంబర్ల మాట వచ్చింది కాబట్టి, పేపర్ వెనక 'పి' అక్షరం ఉందో లేదో చూసుకోండి. పి ఉన్న 2000, పి లేని అమెరికన్ కొలతలో 1000కి దగ్గరగా ఉంటుంది. రెండు కొలతలూ కలిపి వాడితే వరస తప్పుతుంది.

2000ని అడ్డంగా కొట్టాలి. 1500 ఎటు నడిచిందో దానికి అడ్డం. నాగలితో దున్నిన చేలో గుంటక అడ్డంగా తోలితేనే పాత చాలు పోయిందో లేదో రైతుకు తెలుస్తుంది. ఇక్కడా అంతే. బ్లేడ్‌తో నీళ్లు లాగి, పక్క నుంచి టార్చ్ వేసి చూడండి. నిలువు గీత ఒక్కటి కూడా కనపడకూడదు. ఒక్కటి కనపడినా 3000 తీయొద్దు, అక్కడే ఇంకాసేపు 2000. నేను పొద్దున చెప్పిన మాట ఇదే. పాలిష్ అయ్యాక దొరికే గీతల్లో చాలావరకు ఈ నిమిషంలో తొందరపడ్డందుకే వస్తాయి. ఆ తర్వాత 3000. మెషిన్ మీద ఫోమ్ డిస్క్ అయితే డిస్క్‌కూ మెషిన్‌కూ మధ్య మెత్తటి ఇంటర్‌ఫేస్ ప్యాడ్ పెట్టుకుని నీళ్లు చల్లుకుంటూ తిప్పండి. 5000 దొరికితే అదీ ఒక చుట్టు. 3000 మీద అదనంగా పెట్టే పది నిమిషాలు రబ్బింగ్‌లో అంతకు రెట్టింపు మిగులుస్తాయి, పైగా ప్యానెల్ వేడెక్కదు.

ఇప్పుడు మెషిన్. రోటరీ అయితే ఒక దిక్కునే తిరుగుతుంది, బాగా కోస్తుంది, బాగా వేడెక్కుతుంది. డీఏ తిరుగుతూ ఊగుతుంది, నిదానంగా కోస్తుంది, హోలోగ్రామ్‌లు పెట్టదు. ఏది మంచిదని గొడవపడటం దండగ. పేపర్ గీతలు కోయడానికి రోటరీ మీద ఉన్ని ప్యాడ్, లేదా డీఏ మీద మైక్రోఫైబర్ ప్యాడ్. చివరి పాలిష్ మాత్రం డీఏతోనే చేయమంటాను. రోటరీతో కూడా మచ్చ లేకుండా ముగించే మేస్త్రీలు ఉన్నారు. ఉన్నారు, కానీ ప్రతి షెడ్లో లేరు.

కాంపౌండ్ నాలుగైదు శనగగింజలంత చాలు. ప్యాడ్ కొత్తదైతే మొదటిసారి కొంచెం ఎక్కువ, పీల్చుకుంటుంది. మెషిన్ ఆన్ చేయకముందే ప్యాడ్‌తో అద్ది పూయండి, లేకపోతే గోడల మీద, మీ చొక్కా మీద ఉంటుంది. రెండు అడుగులకు రెండు అడుగులు, అంతకంటే పెద్ద చోటు పెట్టుకోవద్దు. రోటరీ అయితే 1200 నుంచి 1500 స్పీడ్. నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి, ముందు నడిచిన దారి మీద సగం ఎక్కుతూ. చెయ్యి నిదానంగా నడవాలి. ప్యాడ్ సాపుగా ఆనాలి. అంచు ఎత్తి కోయడం చూడటానికి బాగుంటుంది, క్లియర్ కాలేది అక్కడే. డీఏ వాడేవాళ్లు ప్యాడ్ ప్లేట్ మీద మార్కర్‌తో ఒక గీత గీసుకోండి. ఆ గీత తిరగడం ఆగిపోయిందంటే మీరు ఎక్కువ బరువు వేస్తున్నారు. అప్పుడు మెషిన్ ఊగుతుందే గానీ కోయదు.

ప్రతి చోటు అయ్యాక ప్యాడ్ శుభ్రం చేయాలి. ఫోమ్ అయితే బ్రష్, ఉన్ని అయితే ముళ్ల చక్రం, కంప్రెసర్ ఉంటే గాలి. మనం కోసిన క్లియర్ ఎక్కడికి పోతుందనుకుంటున్నారు? ప్యాడ్‌లోకే. అది కాంపౌండ్‌తో కలిసి ఎండి చిన్న చిన్న ఉండలవుతుంది. తర్వాతి చోట ఆ ఉండలే గీస్తాయి. బండి మొత్తం ఒకే ప్యాడ్‌తో పాలిష్ చేసేవాడు మొదటి తలుపు బాగా చేసి, నాలుగో తలుపు పాడు చేస్తాడు.

వేడి సంగతి చెయ్యే చెబుతుంది. అరచేయి పెట్టండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి తీసేయాలనిపిస్తే ఆపండి. మే నెలలో మధ్యాహ్నం బయట నిలబెట్టిన బండి మీద మెషిన్ పెట్టకముందే చెయ్యి పెట్టలేం. దాన్ని నీడలోకి తోసి, పూర్తిగా చల్లారాక మొదలుపెట్టాలి. కాంపౌండ్ ఎండిపోయి పొడి ఎగురుతుంటే గీతలు పోవు, కొత్తవి వస్తాయి. ప్లాస్టిక్ బంపర్ ఇంకా మొండిది. రేకు వేడిని పక్కకు పంచుతుంది, ప్లాస్టిక్ పంచదు. ఒక్కచోట ఆగితే రంగు మెత్తబడి లేస్తుంది.

ఉన్ని ప్యాడ్ పని అయ్యాక మెరుపు వస్తుంది కానీ ఆ మెరుపులో పొగ కమ్మినట్టు ఉంటుంది. అక్కడ ఆపేసి బిల్లు కొట్టే షెడ్లు చాలా ఉన్నాయి. ట్యూబ్‌లైట్ కింద ఆ పొగ కనపడదు. తర్వాత మధ్యరకం ఫోమ్ మీద పాలిష్, ఆ తర్వాత మెత్తటి ఫోమ్ మీద సన్న పాలిష్, చేతి బరువు తగ్గించుకుంటూ. నల్ల బండికి, ముదురు నీలానికి మూడూ కావాలి. తెల్ల బండికి రెండుతో సరిపెట్టినా ఎవరూ పట్టుకోలేరు. పట్టుకోలేరని చేయమనడం లేదు, జరిగేది చెబుతున్నాను.

ఇక్కడ ఒక మోసం గురించి చెప్పాలి. కొన్ని పాలిష్‌లలో, గ్లేజ్‌లలో నూనెలు, గీతను నింపే పదార్థాలు ఉంటాయి. రుద్దగానే గీత మాయమవుతుంది. డెలివరీ రోజు కస్టమర్ సెల్ఫీ దిగి వెళ్తాడు. మూడు వాష్‌లు అయ్యేసరికి గీతలన్నీ మళ్లీ ప్రత్యక్షం. కావాలని నింపేవాళ్లు కొందరు. తెలియకుండా మోసపోయేవాళ్లు ఎక్కువ, ఎందుకంటే అది పనిచేసిన మనల్ని కూడా మోసం చేస్తుంది. గీత తీశామా, నింపామా తెలియాలంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో మూడు నాలుగు రెట్లు నీళ్లు కలిపి చల్లి, మెత్తటి మైక్రోఫైబర్‌తో తుడవండి. నూనె పోతుంది, నిజం మిగులుతుంది. ప్రతి దశ అయ్యాక ఇలా తుడిచి, టార్చ్ పక్క నుంచి వేసి చూడాలి. చివరికి ఎండలోకి తీసుకెళ్లి చూడాలి. మీరు చూడకపోతే కస్టమర్ చూస్తాడు.

తుడిచే గుడ్డ. షెడ్లో బనియన్ వేస్ట్ కిలోల లెక్కన కొంటాం కదా, దాన్ని పాలిష్ అయిన ప్యానెల్ దరిదాపుల్లోకి రానివ్వకండి. అందులో కుట్లు, గుండీల దారాలు, ఒక్కోసారి ఇనుప రజను కూడా ఉంటాయి. మైక్రోఫైబర్‌కు పక్కన ఉండే ట్యాగ్ కత్తిరించేయండి. కింద పడిన గుడ్డను దులిపి వాడకండి. టైర్ల పనికి ఇచ్చేయండి.

బండి మన చేతిలోంచి వెళ్లాక ఏమవుతుందో మీకు తెలుసు. మియాపూర్ అయినా, దిల్‌సుఖ్‌నగర్ అయినా, అపార్ట్‌మెంట్ సెల్లార్లో పొద్దున్నే ఒక బకెట్, ఒక గుడ్డ, పది కార్లు. రాత్రంతా పేరుకున్న దుమ్ము మీద తడిగుడ్డతో ఒక్క లాగుడు. పక్కన అపార్ట్‌మెంట్ కడుతుంటే ఆ దుమ్ములో సిమెంటు, రాతిపొడి. వారం తిరిగేసరికి మనం తీసిన గీతలన్నీ మళ్లీ హాజరు. బోర్ నీళ్లలో ఉప్పు ఎక్కువ కాబట్టి చుక్క ఆరిన చోట తెల్ల మచ్చ. దాన్ని గుడ్డతో గట్టిగా రుద్దితే ఇంకో గీత. కస్టమర్‌కు చెప్పండి: రోజూ తుడిపించొద్దు, వారానికోసారి బాగా నీళ్లు కొట్టి, షాంపూ నీళ్లకు ఒక బకెట్, గుడ్డ జాడించడానికి ఇంకో బకెట్, ఇలా రెండు బకెట్ల పద్ధతిలో కడిగించండి అని. వాచ్‌మన్ ఏమనుకుంటాడో అని మొహమాటపడతారు. నెలకు ఇచ్చే డబ్బులు ఇస్తూనే, తుడవొద్దని చెప్పమనండి. ఈ సలహాకు నవ్వేవాళ్లు కొందరు, పాటించినవాళ్లు మళ్లీ పాలిష్‌కు రావడానికి చాలా కాలం పడుతుంది. మన వ్యాపారానికి నష్టమే, కానీ చెప్పాలి.

ప్రశ్నలేమైనా ఉన్నాయా? ఆ వెనక తమ్ముడు.

"అన్నా, పేపర్ కొట్టి పాలిష్ చేసినంక వెంటనే సిరామిక్ వేయొచ్చా? స్విర్ల్స్ కవర్ అయితయని కొందరంటున్నరు."

కవర్ కావు. సిరామిక్ కోటింగ్ పారదర్శకంగా ఉంటుంది, గట్టిపడ్డాక దాని కింద ఉన్న గీత అక్కడే బందీ అయిపోతుంది. తీయాలంటే మళ్లీ కోటింగ్ కోసి తీయాలి. కంపెనీ రంగు మీద అయితే, ఆల్కహాల్‌తో తుడిచి చూసి, గీత లేదనుకున్నాక అదే రోజు వేయొచ్చు. కొత్తగా షెడ్లో వేసిన రంగైతే ఆగాలి. లోపలి థిన్నర్ పోయేదాకా పైన మూత పెట్టకూడదు. మామూలుగా నెల అంటారు, కొన్ని పెయింట్ కంపెనీలు రెండు నెలలు కూడా అంటాయి. ఆ పెయింట్ కంపెనీ షీట్ చూసి చెప్పండి.

"పాత అంబాసిడర్, ఫియట్ వస్తే ఇదే పద్ధతా సార్?"

కాదు, అడిగి మంచి పని చేశారు. చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం వాడిన పసుపు రోల్స్ రాయిస్ చూసే ఉంటారు, 1912 నాటిది. ఆ కాలంలో కార్లకు రంగు కుంచెతో వేసేవాళ్లు. ఒక్కో పొర ఆరాక ప్యూమిస్ రాతిపొడితో రుద్ది మళ్లీ పొర. ఒక్క బండికి వారాలు పట్టేది. 1924లో అమెరికాలో ఓక్‌లాండ్ కార్ల మీద డ్యూపాంట్ వాళ్ల డ్యూకో లాకర్ వచ్చాక ఆ పని రోజుల్లోకి దిగింది. మన షెడ్లలో ఇప్పటికీ డ్యూకో అంటాం కదా, అదే. విడిగా క్లియర్ కోట్ వేయడం 1980ల్లో గానీ అంతటా పాకలేదు. పాత అంబాసిడర్‌కు రంగే పైపొర. రుద్దితే ప్యాడ్‌కు రంగు అంటుతుంది. దాన్ని చూసి కంగారుపడొద్దు, అలాగే పాలనీళ్ల తెలుపు కోసం కూడా చూడొద్దు, నీళ్లలో వచ్చేది బండి రంగే. అక్కడ కంటికి కనపడే గుర్తు ఒక్కటే, కింది ప్రైమర్ రంగు. అది కనపడిందంటే ఆలస్యమైపోయింది. కాబట్టి వీలైతే పేపర్ లేకుండా, సన్న పాలిష్‌తోనే సరిపెట్టండి.

"ఒక బండికి ఇలా ఎన్నిసార్లు చేయొచ్చన్నా?"

మొత్తం బండికి పేపర్ అయితే, నన్నడిగితే ఒక్కసారే. సన్న పాలిష్ ఎన్నిసార్లన్నది గేజ్ చెప్పాలి, మనం కాదు. ఇక్కడ అందరికీ ఉన్న ఇబ్బంది ఒకటుంది. బండి మన దగ్గరికి వచ్చేసరికి ముందు ఎవరు ఎంత కోశారో మనకు తెలియదు. నేను చేసేది చెబుతాను. పని మొదలుపెట్టకముందు ప్రతి ప్యానెల్ మీద మూడు చోట్ల గేజ్ పెడతాను, పని అయ్యాక అవే మూడు చోట్ల మళ్లీ పెడతాను. ఆ రీడింగులు, వాడిన పేపర్ నంబర్లు, తేదీ బిల్లు వెనక రాసి కస్టమర్‌కు ఇస్తాను, ఇంకో కాపీ నా దగ్గర ఉంటుంది. తర్వాత ఆ బండి మీ షెడ్‌కు వచ్చినా సరే, ఆ కాగితం అడిగి చూడండి. బానెట్ మీద 118 నుంచి 109కి వచ్చిందని రాసి ఉంటే, ఆ బానెట్‌కు ఇక పేపర్ పట్టుకోకండి.